రాబిన్‌హుడ్ వూళ్ళో బొటనవేలంత సైన్యం

నాటింగ్‌హామ్ అనగానే మీకేం గుర్తుకొస్తుంది? నాకైతే రెండే రెండు. ఒకటి రాబిన్‌హుడ్. 1938లో ఎరాల్ ఫ్లిన్ ఆకుపచ్చ దుస్తుల్లో, విల్లు పుచ్చుకుని, నడుం మీద చేతులు పెట్టి విరగబడి నవ్వాడే, ఆయన! మొన్న 2025లో మన నితిన్ కూడా ఆ పేరే పెట్టుకున్నాడు గదా. రెండోది ర్యాలీ సైకిల్. మా వీధిలో ర్యాలీ సైకిలున్న ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరూ వెనుకాడేవారు కారట!

ఆ రెండూ ఈ వూరివే. కోట గోడ పక్కన రాబిన్‌హుడ్ కంచు విగ్రహం 1952 నించీ విల్లెక్కుపెట్టి నిలబడే వుంది. ర్యాలీ ఫ్యాక్టరీ మాత్రం లేదు. 2002లో ఇక్కడ సైకిళ్ళు తయారుచెయ్యడం ఆపేశారు. 1960లో ఆల్బర్ట్ ఫిన్నీ నటించిన ‘సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్’లో ఆ ఫ్యాక్టరీని చూడొచ్చు. ఒకప్పుడు వూరంతటికీ అన్నం పెట్టిన ఫ్యాక్టరీ ఇప్పుడు సినిమాలో మాత్రమే బతికి వుంది!

అయితే 2024 అక్టోబరులో నేను లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో రైలెక్కి, గంటన్నర పైచిలుకు ప్రయాణం చేసి ఇక్కడ దిగింది వీటికోసం కాదు. మా అన్నయ్య కొడుకు కోసం. వాడు ఇక్కడ ఎమ్మెస్సీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఏడాదిగా వెతుక్కుంటూనే వున్నాడు. ఫోన్ చేస్తే “బావున్నా బాబాయ్” అంటాడు, అంతకుమించి మాట రాదు. “ఒకసారి చూసి రారా” అని అన్నయ్య బతిమాలితే, నా లండన్ పనికి రెండ్రోజులు కలిపాను.

వాడి గదిలో అడుగు పెట్టగానే నాకు కనిపించింది పుస్తకాలూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద దీపం, చుట్టూ బొటనవేలంత సైనికులు ఇరవై మంది!

“ఇవేంట్రా?”

“స్పేస్ మెరైన్లు బాబాయ్. రేపు నిన్ను వీళ్ళ పుట్టింటికి తీసుకెళ్తా” అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూడ్డం అదే మొదలు.

బొమ్మల పుట్టిల్లు

మర్నాడు లెంటన్ పేటలో విల్లో రోడ్డుకి వెళ్ళాం. అక్కడే వుంది గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ, దాని పక్కనే వార్‌హామర్ వరల్డ్. గుమ్మం బయట కవచం తొడుక్కున్న అంతరిక్ష సైనికుడి నిలువెత్తు విగ్రహం. మన థియేటర్ల ముందు హీరో కటౌట్ వుండదూ, అచ్చం అలాగే. పాలాభిషేకం ఒక్కటే తక్కువ!

కథ చిన్నదే. 1975లో లండన్లో ముగ్గురు స్నేహితులు ఆట బల్లలు చెయ్యడంతో మొదలెట్టారు. తర్వాత బొమ్మలు పోతపోసే సిటడెల్ మినియేచర్స్ తోడైంది. 1983లో కత్తులూ మంత్రాల ‘వార్‌హామర్’ ఆట, 1987లో అంతరిక్షంలో జరిగే ‘వార్‌హామర్ 40,000’ వచ్చాయి. వేలాది సంవత్సరాల తర్వాత మనుషులూ గ్రహాంతర జీవులూ కొట్టుకుచావడమే కథ. బల్లమీద కొండలూ కోటలూ పేర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. ఇలాంటి బొమ్మల యుద్ధానికి 1913లోనే ‘లిటిల్ వార్స్’ పేరుతో నియమాలు రాసిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? హెచ్. జి. వెల్స్! మన ‘ఆదిత్య 369’లో బాలకృష్ణ ఎక్కిన కాలయంత్రానికి మూలపురుషుడు ఆయనే కదా.

పిల్లలాట అని కొట్టిపారెయ్యకండి. 2024 డిసెంబరులో ఈ కంపెనీ లండన్ స్టాక్ మార్కెట్ మొదటి వంద కంపెనీల జాబితాకెక్కింది. ఒకప్పటి సూపర్‌మాన్ హెన్రీ కావిల్ షూటింగ్ లేనప్పుడు కూచుని ఈ బొమ్మలకు రంగులేస్తానని టీవీలోనే చెప్పుకున్నాడు. ఈ కథను అమెజాన్ వారు తెరకెక్కించే ప్రయత్నంలోనూ ఆయన వున్నాడు.

టికెట్ కొని ఎగ్జిబిషన్లోకి వెళ్ళాక నా నోరు మూతపడలేదు. అద్దాల వెనక వేలాది బొమ్మలు. ఒకచోట గది నిండా కూలిన కోట, బురుజుల మీద ఎర్ర సైనికులు, కింద రాక్షసులు, పైన విమానాలు. 1957లో ‘మాయాబజార్’ కోసం కట్టిన ద్వారక గుర్తొచ్చింది. ఆ మినియేచర్ నగరాన్ని మార్కస్ బార్ట్లే కెమెరా నిజం నగరమే అనిపించింది. ఇక్కడ కెమెరా లేదు. మన కళ్ళే కెమెరా. కాస్త వంగి చూస్తే చాలు, యుద్ధం మధ్యలో వుంటాం.

రంగు పడితేనే ప్రాణం

ఇక్కడో రహస్యం చెప్పాలి. ఈ బొమ్మలు రంగులతో రావు. ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని బూడిదరంగు ముక్కలుగా వస్తాయి. కత్తిరించి, అచ్చు గీతలు చాకుతో గీకి, జిగురుతో అతికి, రంగు వేసుకోవలసింది కొన్నవాడే. ముందు ప్రైమర్ పూత. మన కొండపల్లి బొమ్మకు ముందు తెల్ల సుద్ద పట్టించరూ, అదే పని. తర్వాత నీళ్ళు కలిపిన పల్చటి రంగు రెండు మూడు పూతలు. గాడుల్లోకి పారేలా నీడరంగు. చివర్న కవచం అంచుల మీద వెంట్రుకవాసి వెలుగుగీత.

ఆ వెలుగుగీత దగ్గరే ఆగిపోయాను. చిన్న బొమ్మ మీద మామూలు దీపం చాలినంత నీడ వెయ్యదు. అందుకని నీడనీ వెలుగునీ కూడా రంగుతోనే, అదీ అతిగా, వెయ్యాలట. చేతి దూరం నించి చూస్తే అప్పుడే ఆకారం తేలుతుందట.

ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను. “దగ్గర్నించి చూస్తే దెయ్యంలా వుండాలి. రోడ్డవతల నించి చూస్తే రామారావులా వుండాలి.” అనేది మా నాన్న.

మా నాన్న బ్యానర్ ఆర్టిస్టు. విజయవాడ గాంధీనగర్లో ముప్పై ఏళ్ళు సినిమా బ్యానర్లూ, నలభై అడుగుల కటౌట్లూ వేశాడు. స్టిల్ ఫోటో మీద గళ్ళు కొట్టి, గుడ్డ మీద పెద్ద గళ్ళు కొట్టి, గడికి గడి ఎక్కించేవాడు. హీరోగారి బుగ్గ కింద నీలం, గడ్డం కింద ఆకుపచ్చ, ముక్కు మీద గులాబీ! కొబ్బరి చిప్పల్లో రంగులు. నేను చిప్పలు అందించేవాణ్ణి.

2005లో వూళ్ళో ఫ్లెక్స్ మిషన్లు దిగాయి. ఒక మిషన్ నేనే తెచ్చాను. అవును, నేనే! మూడు రోజుల పని మూడు గంటల్లో అయిపోయేది. నాన్న ఒక్క మాట అన్లేదు. కుంచెలు కిరసనాయిల్లో కడిగి, తుడిచి, బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి మంచం కిందకి తోశాడు. ఆనాటి నించీ మా ఇద్దరి మధ్య రంగు మాట రాలేదు. భోజనం, మందులు, రాజకీయాలు అన్నీ మాట్లాడుకుంటాం. ఆ ఒక్కటి తప్ప.

పేచీ పెట్టే రంగులు

సరే, బొమ్మల దగ్గరికొద్దాం. అంతరిక్ష సైనికుల్లో బోలెడు దళాలు. ఒక్కో దళానికి ఒక్కో రంగు. అల్ట్రా మెరైన్లు నీలం, బ్లడ్ ఏంజిల్స్ ఎరుపు, డార్క్ ఏంజిల్స్ ముదురాకుపచ్చ. ఇవి బుద్ధిమంతుల రంగులు. చెప్పిన మాట వింటాయి.

పేచీకోర్లు వేరే వున్నారు. హౌలింగ్ గ్రిఫన్లని ఒక దళం, ఒంటిని నాలుగు పాళ్ళు చేసి ఎరుపూ పసుపూ ఎదురెదురుగా వెయ్యాలి. ముందు లేతరంగు మొత్తం వేసేసి, తర్వాత ముదురురంగు గీత దాకా తేవాలి. తిరగేసి వేశారో, పసుపు కింద ఎరుపు తొంగిచూస్తుంది. ఇక హార్లెక్విన్లు! గ్రహాంతర నటుల ముఠా. కాళ్ళనిండా రంగురంగుల వజ్రాకారపు గళ్ళు. ఆ గళ్ళు మోకాలి దగ్గర వంగుతాయి, తొడ దగ్గర సాగుతాయి. ట్యాంకు లాంటి చదునైన వాటికి టేపు అతికించి గీత తేవచ్చు గానీ, కాలికి టేపేం అతుకుతుంది? చెయ్యే దిక్కు.

అద్దాల వెనక, కంపెనీ సొంత చిత్రకారుల జట్టు వేసిన బొమ్మలు చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 1987 నించీ ‘గోల్డెన్ డీమన్’ అని పోటీ కూడా పెడుతున్నారు. అందరికన్నా బాగా వేసినవాడికి నిజం కత్తి బహుమతి!

“నువ్వే దళం వేస్తున్నావురా?” అనడిగాను.

“లామెంటర్స్.”

పేరుకి తగ్గట్టు శోకమూర్తులే. కథలో వాళ్ళంత దురదృష్టవంతులు ఇంకోరు లేరట. మామూలు జనాన్ని కాపాడాలని ప్రాణాలొడ్డుతారు. ఎక్కడికెళ్ళినా ఎదురుదెబ్బే. మిగిలేది పిడికెడు మంది. గుర్తు కన్నీరులా నెత్తురు కార్చే గుండెకాయ. కవచం నిండా పసుపు, దాని మీద నలుపు తెలుపు చదరంగం గళ్ళు. మొత్తం ఆటలో చేతులు పడిపోయే రంగుల్లో ఇదొకటని పేరు.

“ఇంత తేలిగ్గా వేసే నీలంవాళ్ళుండగా వీళ్ళే ఎందుకురా?”

వాడు అద్దం వంకే చూస్తూ, “వీళ్ళు ఓడిపోతూనే వుంటారు బాబాయ్. మానరు” అన్నాడు.

నాకు మాట తోచలేదు. “కాఫీ తాగుదాం పద” అన్నాను. అక్కడే బగ్‌మన్స్ అని వాళ్ళ హోటలొకటి వుంది. అక్కడ కూచున్నాక చెప్పాడు, నలభై ఎన్నో ఉద్యోగానికి కూడా లేదనే జవాబొచ్చిందని. వీసా గడువు ఎన్నాళ్ళుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. ఇంట్లో చెప్పలేదట.

అర్ధరాత్రి పాఠం

ఆ రాత్రి వాడి బల్ల దగ్గర కూచున్నాను. తడి స్పాంజి మీద వంటకాగితం పరిచిన పళ్ళెం, దాని మీద రంగు చుక్కలు. అలాగయితే గంటల తరబడి ఎండవట. మా కొబ్బరి చిప్పలకు ఆ భోగం లేదు!

మొదటి అయిదు బొమ్మలు పాడైపోయాయి. నల్ల ప్రైమర్ మీద పసుపు వేశాడు. పసుపు పల్చటి రంగు, కింది నలుపుని కప్పలేదు. ఆరు పూతలు వేస్తే కవచం మీది నగిషీ పూడిపోయింది. నీడకి నలుపు కలిపితే పసుపు కాస్తా పాచిరంగుకి తిరిగింది. నాకు నవ్వొచ్చింది, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టూ అయింది.

“పసుపుకి నల్లనీడ వేస్తే పాచి పడుతుంది. దానికి నీడ గోధుమరంగే” అన్నాను. అది నా మాట కాదు, నాన్నదే.

ఆల్కహాల్లో నానేసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి రంగు వూడగొట్టాం. మళ్ళీ ప్రైమర్, దాని మీద గోధుమరంగు, దాని మీద పసుపు పల్చగా రెండుసార్లు, గాడుల్లో నారింజ కలిసిన గోధుమ నీడ. బొమ్మ వెలిగింది. తీరా భుజం మీద గళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇద్దరం బోల్తా కొట్టాం. భుజం గుండ్రం. గడి ఒక మిల్లీమీటరు. నాలుగు గళ్ళు చక్కగా వచ్చి అయిదోది కుంటుతుంది. రెండుసార్లు తుడిచాడు. మూడోసారి కుంచె కింద పడేసి, “నా వల్ల ఏదీ కాదు బాబాయ్” అన్నాడు. ఆ ‘ఏదీ’ గళ్ళ గురించి కాదని నాకు తెలుసు.

గడియారం చూశాను. ఇక్కడ రాత్రి పన్నెండున్నర. విజయవాడలో తెల్లవారుజాము అయిదు. నాన్న లేచే వుంటాడు. ఫోన్ తీశాను, మళ్ళీ పెట్టేశాను. పందొమ్మిదేళ్ళ తర్వాత ఏ మొహం పెట్టుకుని అడగను? వాడే నా చేతిలోంచి ఫోన్ లాక్కుని వీడియో కలిపేశాడు.

“తాతయ్యా, చిన్న జాగాలో చదరంగం గళ్ళెలా కొట్టాలి?”

నాన్న కళ్ళజోడు వెతుక్కున్నాడు. “జాగా ఎంత?”

“నా చిటికెనవేలి గోరంత.”

అవతల నించి నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకి విన్నానో! తర్వాత గొంతు సవరించుకుని మొదలెట్టాడు.

“అంచు నించి కొలవకు. అంచు నించి కొలిచినవాడి గడి చివర కుంటుతుంది. నడిమికి ఒక గీత. దాన్ని సగం చెయ్. ఆ సగాన్ని సగం. అడ్డంగానూ అంతే. ముందు మొత్తం తెలుపెయ్, గీతలు పెన్సిల్‌తో తేలిగ్గా. నలుపు గళ్ళు మూలకి మూల తగిలేలా చుక్క పెట్టుకుంటూ రా, ఒకేసారి నింపకు. తప్పు పోతే తెలుపుతో దిద్దు. గుండ్రం మీద గడి సమంగా వుండదురా, వుండాలనుకోకు. మధ్యలో లావు, అంచుకి సన్నం. కంటికి సమంగా కనబడితే చాలు.”

“తప్పు పోతేనో తాతయ్యా?”

“పోతుంది. తప్పు పోని గడి నేనెన్నడూ కొట్టలేదు. దిద్దడమే పనంతా.”

తర్వాత నా వంక చూశాడు. “నువ్వు దీపం ఎడంపక్కకి జరుపు. వాడి చెయ్యి నీడ పని మీద పడుతోంది” అన్నాడు. అంతే. ఫోన్ పెట్టేశాడు. నేను దీపం జరిపాను. కాసేపు ఏమీ కనబడలేదు. నిద్రమత్తు అనుకోండి!

రెండు గంటలకి భుజం పూర్తయింది. భూతద్దంతో చూస్తే మూడు గళ్ళు వంకరే. చేతి దూరంలో పెట్టి చూస్తే, చదరంగమే! వాడు దాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ పూటే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి ఉద్యోగం సంగతి వున్నదున్నట్టు చెప్పాడు. అన్నయ్య ఏమన్నాడో నేనడగలేదు. చెప్పడం అయిపోయాక వాడు చాలాసేపు నిద్రపోయాడు.

తిరుగు ప్రయాణం

స్టేషన్‌కి వెళ్ళే దారిలో ర్యాలీ ఫ్యాక్టరీ వుండేది ఏ పక్కనో చూపించమన్నాను. వేలు పెట్టి చూపించాడు. వూరు సైకిళ్ళు పోగొట్టుకుంది గానీ, చేతిపని పూర్తిగా పోగొట్టుకోలేదు. చుట్టుపక్కల ఇలాంటి బొమ్మల కంపెనీలు ఇంకా వున్నాయి. ఒకప్పుడు సీసం కలిపి పోతపోసేవారు కాబట్టి ఈ ప్రాంతాన్ని ముద్దుగా ‘సీసపు పట్టీ’ అని పిలుచుకుంటారట.

రైలు కదిలేముందు వాడు నా జేబులో రెండు పొట్లాలు పెట్టాడు. “ఒకటి తాతయ్యకి చూపించు. రెండోది తాతయ్యకి ఇచ్చెయ్” అన్నాడు. మొదటిది పసుపు సైనికుడు. రెండోది రంగెయ్యనిది.

ఇంటికొచ్చాక నాన్నకి ఇచ్చాను. పసుపు సైనికుణ్ణి కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. అలవాటు పోతుందా మరి!

“వంకర గళ్ళు మూడున్నాయి” అన్నాడు. “నీడ బాగా పడింది.”

రంగెయ్యని బొమ్మ గురించి ఏమీ అన్లేదు. నేనూ అడగలేదు. వారం తర్వాత చూస్తే దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, తెల్లపూత పట్టించి వుంది. ఇది రాసే నాటికి అది ఇంకా తెల్లగానే వుంది. వాడి ఉద్యోగం సంగతీ ఇంకా తేలలేదు.

కానీ పాఠకుల్లారా, బిస్కెట్ల రేకుడబ్బా మాత్రం ఇప్పుడు మంచం కింద లేదు. కిటికీ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో వుంది.